మారుతికి క్రొత్త రేడియేటరు

నడివేసవిలో, రెంటచింతలలోనో రామగుండములోనో గాలియే 45 డిగ్రీలకు పైబడి కాగుచున్న దినమున, చిన్నకారొకటి రహదారి ప్రక్కన బానెట్టు తెరచుకొని ఆవిరి చిమ్ముచు నిలిచియుండుట మనలో అనేకులు చూచియున్నదే. బండి హీటెక్కినదని ఒక్క మాటతో తేల్చి, చల్లారినంతనే సీసాడు నీళ్లు పోసి, ఎట్లో ఊరు చేరుకొని, మరునాడు రేడియేటరు మార్పించుట సర్వసాధారణముగా జరుగు వ్యవహారము. మార్చుట కష్టమైన పని కాదు. పది, పండ్రెండు నంబర్ల స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు, ఒక ప్లయరు, పాతనీరు పట్టుటకు వెడల్పైన తొట్టి, వీనితోపాటు కొంత ఓర్పు ఉన్నచో ఒక పూటలో ముగియును. కాని పాతది ఏల చెడినదో విచారింపక క్రొత్తదానిని తెచ్చి బిగించినచో, ఆ క్రొత్తదియు అచిరకాలముననే పాతదాని త్రోవనే పట్టును. బోల్టులు విప్పుటకు ముందు చేయవలసిన ఈ విచారణకును, బోల్టులు బిగించిన తరువాత నీరు నింపుటకును మనవారు ఇచ్చుచున్న కాలము బహుస్వల్పము. పని మంచిచెడ్డలు నిర్ణయమగునది మాత్రము ఆ రెండింటియందే.

1983 డిసెంబరులో రోడ్డుమీదికి వచ్చి, 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోవునంతవరకు 25 లక్షలకు మించి మన దేశమున అమ్ముడుపోయిన మారుతి 800ను ఉదాహరణముగా గ్రహింతము. పల్లెటూళ్లయందును చిన్న పట్టణములయందును అది నేటికిని తిరుగుచున్నది. 796 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను, ముందు జాలి వెనుక నిలువుగా నిలిపిన రేడియేటరు, దాని వీపునకు తగిలించిన కరెంటు ఫ్యాను, పైనొకటి క్రిందనొకటి రబ్బరు హోసు పైపులు: అంతయు కంటికి కనిపించుచు చేతికి అందునట్లు అమర్చబడియుండుటచే, దీనిపై నేర్చిన పని తక్కిన చిన్నకార్లకును స్వల్పభేదములతో అక్కరకు వచ్చును.

పెట్రోలు మండునప్పుడు సిలిండరులోని వాయువుల వేడిమి 2,000 డిగ్రీలు దాటును. ఇంజను హెడ్డును పోతపోసిన అల్యూమినియమో, 660 డిగ్రీలకే కరగిపోవు లోహము. పెట్రోలులోని శక్తిలో చక్రములను త్రిప్పుటకు వినియోగపడునది ఇంచుమించు నాలుగింట ఒక వంతు నుండి మూడింట ఒక వంతు మాత్రమే; తక్కినదానిలో పెద్దభాగము పొగగొట్టము ద్వారా పోగా, రమారమి అంతే భాగము హెడ్డును సిలిండరు గోడలను కాచుచు నిలిచిపోవును. ఆ నిలిచిన వేడిని ఎప్పటికప్పుడు తోడి వెలుపలి గాలికి అప్పగింపకున్నచో, కొలది నిమిషములలోనే హెడ్డు వంకరపోయి, గ్యాస్కెట్టు మాడి, యంత్రము పాడగును. ఆ తోడివేయు పనిని నీరు చేయును. నీటిని త్రిప్పు పనిని బెల్టుతో తిరుగు పంపు చేయును. నీటిలోని వేడిని గాలిలో కలుపు పనిని రేడియేటరు చేయును.

కార్లు పుట్టిన క్రొత్తలో ఇంత సౌకర్యము లేదు. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడుచక్రముల బండిలో నీరు మరగి ఆవిరియై పోవుచుండెడిది. పోయినంత నీటిని త్రోవ పొడవునను మరల పోసికొనుచుండవలసి వచ్చెడిది. 1900వ సంవత్సరాంతమున విల్‌హెల్మ్ మేబాక్ అను జర్మను యంత్రశిల్పి, 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారు కొఱకు, ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టములను 8,070 ఒక్కచోట పేర్చి మాటువేసి తేనెపట్టు రేడియేటరును నిర్మించెను. గాలికి తగులు లోహతలము విస్తారమగుటచే ఆ పెద్ద ఇంజనును చల్లబరచుటకు తొమ్మిది లీటర్ల నీరే సరిపోయినది. నేడు మన చిన్నకారు ముందుభాగమున ఉన్న పలుచని చట్రమునకు మూలసూత్రము అదియే: నీటిని సన్నని పాయలుగా చీల్చుట, ఆ పాయల నడుమ గాలి దూరునట్లు పలుచని రేకులను ముడుతలుగా అమర్చుట.

అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని ఏలిన కాలమున రేడియేటరనగా రాగిరేకులు, ఇత్తడి గొట్టములు, పైన క్రింద ఇత్తడి తొట్లు. కారినచో పారవేయువారు కారు. విజయవాడ ఆటోనగరులోనేమి, ఏ తాలూకా పట్టణపు బస్టాండు వెనుకనేమి, రేడియేటరు పనికే అంకితమైన దుకాణములుండెడివి. ఆ పనివాడు మంటతో మాటు కరగించి పైతొట్టిని ఊడదీసి, సన్నని ఉక్కుబద్దతో ఒక్కొక్క గొట్టమును పొడిచి, లోపల గట్టిపడిన పాచిని రాలగొట్టి, తగరమును సీసమును కలిపిన మాటుతో మరల తొట్టిని అతికి, మూతులన్నియు బిగించి గాలి నింపి నీళ్లతొట్టిలో ముంచి బుడగలకై నిరీక్షించెడివాడు. ఒక్క బుడగ లేచినను మరల మొదటికి వచ్చెడివాడు. ఆ ఓర్పును, ఆ చేతివాటమును చూచినవారు ఆ విద్యను గౌరవింపకుండ నుండజాలరు. అది నానాటికి సన్నగిల్లుట నాకు నిజముగా దుఃఖకరము.

నేటి చిన్నకార్లకు వచ్చునవి అల్యూమినియపు గొట్టములు, ప్లాస్టిక్ తొట్లు. రెంటి నడుమ రబ్బరు వలయమునుంచి అల్యూమినియపు అంచును మడచి బిగింతురు. ఉష్ణమును ప్రసరింపజేయుటలో రాగి అల్యూమినియమునకు మిన్న. అయినను అల్యూమినియము బరువు రాగిలో మూడవవంతునకు లోబడియుండును, వెలయు తక్కువ. వెడల్పైన గొట్టములతో ఆ లోటును పూరించుకొనగలరు. కావున కంపెనీలు దానివైపు మొగ్గుట అన్యాయము కాదు. అయితే పది పండ్రెండేండ్లు వేడికి ఉడికిన ప్లాస్టిక్ పెళుసెక్కి మడతయొద్ద పగిలినప్పుడు, దానిని మాటుతో అతుకజాలము. జిగురు పదార్థములు పూసి నడుపుట ఊరు చేరుటకు ఉపాయమే కాని మరమ్మతు కాదు. మార్చుటయే శరణ్యము.

మార్చుటకు పూర్వము కారణమరయవలెనంటిని. రేడియేటరు తప్పేమియు లేకయే బండి వేడెక్కు సందర్భములు చాల ఉన్నవి: బెల్టు వదులై పంపు సరిగా తిరుగకపోవచ్చును, పంపు సీలు పోయి దాని అడుగు రంధ్రము నుండి నీరు చిమ్మవచ్చును, ఫ్యాను ఫ్యూజు ఎగిరిపోయియుండవచ్చును, మూతలోని రబ్బరు చచ్చియుండవచ్చును. వెలుపల చుక్క కూడ కారకయే నీరు తరుగుచు, సైలెన్సరు నుండి తెల్లని ఆవిరి విడువక వచ్చుచు, డిప్‌స్టిక్కుపై ఆయిలు పాలు కలిసినట్లు తెల్లబడి కనిపించినచో, దోషము హెడ్ గ్యాస్కెట్టుది. అట్టి బండికి ఎన్ని రేడియేటర్లు మార్చినను ధనవ్యయమే. రేడియేటరే కారుచున్నదనుటకు జాలీపై తెల్లగానో పచ్చగానో ఎండిన చారలు, ప్లాస్టిక్ అంచున చెమ్మ, వ్రేలితో తాకినంతనే పొడియై రాలు రేకులు సాక్ష్యములు.

మన ప్రాంతమున రేడియేటర్లకు ప్రబల శత్రువు బోరునీరు. తెలంగాణములోను రాయలసీమలోను బోరునీటిలో సున్నము, మెగ్నీషియము లవణములు మెండుగా కరగియుండును. అట్టి నీరు కాగినప్పుడు సున్నము విడివడి, అన్నింటికంటె వేడియైన చోట, అనగా హెడ్డులోని నీటిదారులలో, రాయివలె పేరుకొనును. ఆ రాతిపొర ఉష్ణమును ప్రసరింపజేయు శక్తి రాగితో పోల్చినచో నూరవవంతు కూడ లేదు. ఊడిన పెళ్లలు కొట్టుకొనివచ్చి రేడియేటరు సన్నని పాయలలో అడ్డుపడును. వట్టి నీటితోనే బండిని నడుపువారు, కూలెంటు చలిదేశముల వస్తువు, మనకేల అందురు. లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున తప్ప మన నేలపై నీరు గడ్డకట్టు భయము లేదనుట నిజమే. కాని కూలెంటులో నీటితో కలియు ఇథిలీన్ గ్లైకాలు నీరు మరగు వేడిమిని పెంచును. దానికంటె ముఖ్యముగా, అందు చేర్చిన తుప్పునివారక ద్రవ్యములు అల్యూమినియమును లోపలినుండి తినివేయబడకుండ కాపాడును. ఇనుము, అల్యూమినియము, ఇత్తడి మొదలగు భిన్నలోహములు ఒకే నీటిలో మునిగియున్నచోట, వానిలో బలహీనమైనది కరగిపోవుట రసాయనధర్మము. వట్టినీటితో నడచు చిన్నకారులో ఆ బలియగునది పలుచని రేడియేటరు గొట్టమే.

మూతను గూర్చియు కొంత చెప్పవలెను. చాల చిన్నకార్ల మూతపై 0.9 అను అంకె ముద్రించియుండును. అనగా చదరపు సెంటీమీటరునకు 0.9 కిలోల అదనపు ఒత్తిడి వరకు మూత లోపలి నీటిని బంధించియుంచును. ఆ ఒత్తిడిలో వట్టి నీరు సయితము 118 డిగ్రీల వరకు మరగదు. తిరుమల సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉన్నది. అచట బహిరంగపాత్రలో నీరు 97 డిగ్రీలకే మరగును. 1944లో తొలి ఘాట్ రోడ్డు తెరచిన నాటినుండి, 1974లో రెండవది వచ్చిన తరువాతను, బరువుతో తక్కువ గేరులో ఆ మలుపులెక్కు వాహనములు మార్గమధ్యమున ఆవిరి క్రక్కుటకు కారణము అర్థము చేసికొన్నవారికి, మూతలోని చిన్న రబ్బరు వలయపు విలువ బోధపడును. మూతలో రెండవ కవాటము కూడ కలదు: ఇంజను చల్లారి నీరు కుంచించుకొనునప్పుడు, రిజర్వు డబ్బాలోనికి పోయిన కూలెంటును అది మరల లోనికి పీల్చుకొనును. చల్లారిన బండిలో పైహోసు నలిగి అణగిపోయి కనిపించినచో ఆ కవాటము బిగుసుకొన్నదని గ్రహింపవలెను. క్రొత్త రేడియేటరుకు పాతమూత పెట్టుట తగదు.

వేడి ప్రాంతములలో కొందరు మెకానిక్కులకు ఒక దురభ్యాసము కలదు; దానిని నేను గట్టిగా ఖండింపదలచితిని. బండి హీటెక్కినదనగానే థర్మోస్టాటును ఊడబెరికి పారవేయుదురు. చెరువుకు తూము ఎట్టిదో ఇంజనుకు థర్మోస్టాటు అట్టిది. లోపలనున్న మైనము వేడికి ఉబ్బుటచే, 80 డిగ్రీలు దాటిన పిమ్మట అది తెరచుకొని నీటిని రేడియేటరునకు వదలును. అంతవరకు ఇంజనులోనే త్రిప్పుచు త్వరగా వేడెక్కనిచ్చును. దానిని తీసివేసిన బండి చలికాలపు ఉదయములందు ఎంతకును తగిన వేడికి రాదు. ఆయిలు పలుచబడదు, పెట్రోలు ఎక్కువ త్రాగును, పిస్టను రింగులు అరిగిపోవును. బిగుసుకొన్న థర్మోస్టాటును తీసివేయుట సరియే, కాని దాని స్థానమున క్రొత్తది వేయవలెను. రేడియేటరు విప్పిన సమయమే దానికి అనువైన సమయము, వెలయు స్వల్పము.

క్రొత్తది కొనుటకు ఆటోనగరుకో, హైదరాబాదులో పుత్లీబౌలి స్పేరుపార్టుల వీధికో పోవువారు బండి నమూనా సంవత్సరమును, ఏసీ ఉన్నదో లేదో విధిగా చెప్పవలెను. వీలైనచో పాతదానిని విప్పి వెంట తీసికొనిపోవుట ఇంకను మేలు. రెంటిని ప్రక్కప్రక్కనే నిలిపి, హోసు తగులు మూతుల లావును దిక్కును, ఫ్యాను బోల్టుల రంధ్రములను, జాలీ మందమును, అడుగు రబ్బరు బుష్షులలో కూర్చుండు కొమ్ములను సరిచూడవలెను. దానితోనే రెండు హోసులు, క్లిప్పులు, మూత, థర్మోస్టాటు, దాని గ్యాస్కెట్టు, కూలెంటు కూడ కొనుట మంచిది.

ఇక పని. ఇంజను పూర్తిగా చల్లారనిదే చేయిపెట్టరాదు. వేడిమీద మూత త్రిప్పినచో ఒత్తిడి తొలగినంతనే 100 డిగ్రీలు మించిన నీరు ఒక్కసారిగా ఆవిరియై ముఖముపైకి చిమ్మును. ఆ కాలిన గాయములు ప్రాణాంతకములు కూడ కాగలవు. రాత్రి నిలిపిన బండిని తెల్లవారి విప్పుట ఉత్తమము. మొదట బ్యాటరీ నెగటివ్ వైరు తీయవలెను. కొన్ని కార్లలో తాళము తీసియున్నను ఫ్యాను తనంత తాను తిరుగ మొదలిడును. అడుగున తొట్టి నుంచి, మూత తెరచి, డ్రెయిను మర వదులుచేసి పాతనీటిని పట్టవలెను. హోసు క్లిప్పులు వదులుచేసి పైపును మెల్లగా మెలిత్రిప్పి లాగవలెను. అంటుకొనిపోయిన హోసును స్క్రూడ్రైవరుతో పొడిచి ఊడదీయుట వద్దు. ఎట్లును మార్చుదుము గనుక బ్లేడుతో నిలువున కోయుటయే సుకరము. అటుపిమ్మట ఫ్యాను వైరు కొక్కెము విప్పి, రిజర్వు డబ్బాకు పోవు సన్నగొట్టమును తీసి, చట్రమునకు పట్టియున్న బోల్టులను విప్పినచో రేడియేటరు ఫ్యానుతోసహా పైకి లేచివచ్చును. ఏసీ బండిలో దీనిముందే కండెన్సరు ఉండును. దాని గొట్టముల జోలికి పోరాదు. ఒక అట్టముక్కను నడుమ దూర్చినచో దాని రేకులకు దెబ్బ తగులదు.

ఈ విరామమున ఇంజను లోపలిని కడుగవలెను. థర్మోస్టాటును తీసి, ఒక హోసు నుండి మెల్లగా శుభ్రజలమును పంపుచు, రెండవదాని నుండి నిర్మలముగా వచ్చునంతవరకు ఓపిక పట్టవలెను. తుప్పు రంగున, కొన్ని బండ్లలో బురదవలె చిక్కగా, వెలుపలికి వచ్చునది చూచినచో క్రొత్త రేడియేటరునకు ఏ ఆపద తప్పించితిమో తెలియును. కడిగిన పిదప క్రొత్త థర్మోస్టాటును, దాని గ్యాస్కెట్టును బిగించి, ఫ్యానును పాతదాని నుండి క్రొత్తదానికి మార్చి, రవాణాకై మూతులకు పెట్టిన ప్లాస్టిక్ బిరడాలు తీసి, అడుగు రబ్బరు బుష్షులలో కొమ్ములు సరిగా కూర్చున్నవో లేదో చూచి నిలుపవలెను. ఆ బుష్షులు చిన్నవైనను, రోడ్డు కుదుపు ప్లాస్టిక్ తొట్టికి తగులకుండ కాచునవి అవియే, నలిగినవానిని మార్చవలెను. బోల్టులను బలాత్కారముగా బిగింపరాదు. క్లిప్పును మూతి గట్టునకు లోపలివైపున, హోసు అంచుకు కొంచెము ఎడముగా నిలిపి బిగింపవలెను.

నీరు నింపుటయందే తొందరపాటు ఎక్కువ. లోపల చిక్కిన గాలి హెడ్డులోని ఎత్తైన మూలల చేరినచో, అచట నీరు తగులక లోహము కాలిపోవును. వేడి తెలుపు ముల్లు మాత్రము సరిగా చూపకపోవచ్చును. సగపాలు కూలెంటు, సగపాలు డిస్టిల్డ్ వాటరు ముందే కలిపి, బండి ముందుభాగము కొంచెము ఎత్తుగా ఉండు చోట నిలిపి, సన్నని ధారగా పోయుచు, నడుమ నడుమ పైహోసును చేతితో నొక్కి విడుచుచుండవలెను. కలిపియే అమ్ము కూలెంటునకు మరల నీరు చేర్చరాదు. హీటరున్న బండియైనచో దాని మీటను వేడివైపునకు పూర్తిగా త్రిప్పియుంచవలెను. నిండినపిమ్మట బ్యాటరీ వైరు తగిలించి, మూత తెరచియే ఇంజను నడిపింపగా బుడగలు లేచును, మట్టము తగ్గును, తగ్గినంత పోయవలెను. కొంతసేపటికి పైహోసు హఠాత్తుగా వేడెక్కును. థర్మోస్టాటు తెరచుకొన్నదనుటకు అదియే గురుతు. అపుడు మట్టము మరల పడును. దానిని సరిచేసి మూత బిగించి, ఫ్యాను తనంత తాను తిరిగి ఆగువరకు, వీలైన రెండవమారు తిరిగి ఆగువరకు, వేచియుండవలెను. ఫ్యాను తిరుగక ముల్లు పైకి పోయినచో వెంటనే ఇంజను ఆపి స్విచ్చినో వైరునో వెదకవలెను. కొందరు విసిగి ఫ్యానును తిన్నగా బ్యాటరీకి కలిపి నిరంతరము త్రిప్పుదురు. అది స్విచ్చి దోషమును కప్పిపుచ్చి, ఫ్యాను మోటారు ఆయుర్దాయమును కూడ హరించును.

మరునాటి ఉదయమున చల్లని ఇంజనుపై మూత తీసి చూచినపుడు మట్టము అంచుదాక నిలిచి, రిజర్వు డబ్బాలో రెండు గీతల నడుమ ఉన్నచో పని కుదిరినది. కొంచెము తగ్గియున్నను భయము లేదు, మిగిలిన గాలి వెడలినదన్న మాట. నింపి, వారము దినములు చూచుచుండవలెను. ప్రతిదినమును తగ్గుచునే పోయినచో, కంటికి కారుచున్నట్లు కనిపించకపోయినను, వెదుకులాట హెడ్ గ్యాస్కెట్టు వైపునకు త్రిప్పవలెను.

తొట్టిలో పట్టిన పాత కూలెంటును కాలువలో పారబోయుట వద్దు. ఇథిలీన్ గ్లైకాలు తీపిగా ఉండి, కుక్కలను ఆకర్షించును. కొద్దిగా నాకినను మూత్రపిండములు చెడి చచ్చును. పసిపిల్లలకును అంతే ప్రమాదము. మూతగల డబ్బాలో పోసి, పైన గురుతు వ్రాసి, వాడిన ఆయిలు సేకరించు సర్వీసు కేంద్రమున అప్పగించుట క్షేమము. పాత రేడియేటరును ఇనుపసామాను కొట్టువాడు తూచి కొనును. ప్లాస్టిక్ తొట్లు ఊడదీసి ఇచ్చినచో అల్యూమినియపు ధర పలుకును.